వేలంపాటలో ఒక 'ఊ'

కిందటి వారం మిమ్మల్ని పాత కార్ల వేలం యార్డు గేటు బయట, చినుకుల్లో నిలబెట్టి వెళ్ళిపోయాను. లోపలికి రండి. పెద్ద తేడా ఏమీ లేదు, లోపలా చినుకులే. రేకుల షెడ్డు సగం దూరం వచ్చి ఆగిపోయింది, కట్టేవాడికి మధ్యలో విసుగు పుట్టినట్టు.

కొత్తగా చదువుతున్నవాళ్ళకు రెండు ముక్కలు. నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళ ముందు బిళ్ళలు మారుస్తూ "ఇది బాగా కనిపిస్తోందా, ఇదా?" అని అడగడం నా ఉద్యోగం. మా ఆయన లెన్సుల కంపెనీ తరఫున షాపు షాపుకీ తిరిగి సరుకు వేసేవాడు. పోయిన చలికాలంలో ఒక మధ్యాహ్నం గుండె ఆగి పోయాడు. ఆ వేళకు ఆయన ఉండాల్సింది ఒకచోట. ఉన్నది ఊరికి ఇంకో కొసన, ఒక్క కళ్ళద్దాల షాపు కూడా లేని రోడ్డు మీద. ఎవరో కారులో ఆసుపత్రికి తెచ్చి, పేరు చెప్పకుండా వెళ్ళిపోయారట. అటువైపు ఎందుకు వెళ్ళాడు, తెచ్చిన మనిషెవరు అని ఇంట్లో అందరూ ఒకర్నొకరు అడుక్కున్నారు. నేను అడగలేదు. అడగాలని తోచలేదు.

ఏడవనూ లేదు. మా అత్తగారు నాది రాతిగుండె అంది. మా అమ్మ, పిచ్చిది లోలోపల కుమిలిపోతోంది అంది. ఇద్దరిదీ పొరపాటే. పన్ను పీకేముందు ఇంజెక్షన్ ఇస్తే పెదవి మనది కానట్టు ఉంటుంది చూశారా, గిల్లినా తెలీదు, టీ తాగితే గడ్డం మీదకు కారిపోతుంది. నాకు ఒళ్ళంతా అలా ఉంది, అంతే. మొన్న ఇస్త్రీపెట్టె చేతికి తగిలితే, వాసన వచ్చాక గానీ చూసుకోలేదు.

నా దగ్గర మిగిలింది ఒక్క 'ఊ'. ఎవరేమన్నా ఊ అంటాను. ఒక ఊతో ఆయన బట్టలు ఎవరికో ఇచ్చేశారు. ఇంకో ఊతో అద్దె ఇల్లు ఖాళీ చేయించి, నన్ను మూటాముల్లెతో మా చెల్లెలింటికి చేర్చారు. నాకేమీ అభ్యంతరం లేకపోయింది.

ఆ ఊ ఆయన అలవాటు చేసిందే. మా ఆయన మాటల పుట్ట. రోజూ మధ్యాహ్నం నేను అన్నం డబ్బా మూత తీసే వేళకు ఫోన్ చేసి, దారిలో కనిపించినదాన్నల్లా కథ చేసి చెప్పేవాడు. రెండు వాక్యాలకోసారి "వింటున్నావా?" అనేవాడు. ఊ కొట్టాలి. కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోతుంది, అలక మొదలవుతుంది. పెళ్ళయిన కొత్తలో వినే ఊ కొట్టాను. తర్వాత్తర్వాత వినకుండా కొట్టడం కూడా వచ్చేసింది. నిద్రలో సైతం కొట్టేదాన్నట. చివరికి తన ఫోనుకి కూడా ఆ పేరే పెట్టుకున్నాడు. ఇంట్లో పాటల స్పీకరుకి ఆయన ఫోను కలిస్తే చాలు, ఆ డబ్బా మీద చిన్న అక్షరాలతో 'వింటున్నావా' అని వెలిగేది.

పోయే ముందు కొన్ని నెలలు, ఫోన్లో ఆయన గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుండేది. "కొత్త బస్సులే, అద్దాలన్నీ బిగించేశారు" అన్నాడు. ఊ అన్నాను. పోయిన రోజు కూడా ఫోన్ వచ్చింది. ఏదో కథ ఎత్తుకున్నాడు, మధ్యలో ఆగాడు. చాలాసేపటికి, జలుబు చేసిన గొంతుతో, "వింటున్నావా?" అన్నాడు. ఊ అన్నాను. లైను తెగిపోయింది. నేను డబ్బా కడుక్కుని పనిలోకి వెళ్ళిపోయాను.

ఇప్పుడా ఫోను నా చేతిసంచిలో ఉంటుంది. రోజూ ఛార్జింగ్ పెడతాను, తెరిచి మాత్రం చూడను. మరెందుకు పెట్టడం అని మా చెల్లెలు అడిగితే దానికీ ఊ అన్నాను.

ఇక యార్డు సంగతి. వచ్చింది మా చెల్లెలికి కారు కొనడానికి. దాన్ని నేను పొట్టి అంటాను. చిన్నప్పుడు మేడ మెట్ల మీంచి పడితే దాని ఎడమ మడమలో స్టీలు ముక్కలు వేసి బిగించారు. ఆ వంగని మడమతోనే చదువుకుని, చచ్చుబడ్డ కాళ్ళూ చేతులూ ఆడించే వ్యాయామాల డాక్టరయింది. "బట్టతలవాడు దువ్వెనలమ్మినట్టుంది నా యాపారం" అని అదే నవ్వుతుంది. దానికిప్పుడు మంచి ఉద్యోగం వచ్చింది. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకే వెళ్ళి వైద్యం చెయ్యాలి. సొంత కారు ఉండాలి, సోమవారం పొద్దున ఆ కారులోనే దిగాలి, లేకపోతే వెనకాల వరసలో ఇంకొకరున్నారు. కొత్త కారు మా తాహతు కాదు. మామూలు కారులో మూడు పెడళ్ళుంటాయి, ఎడమ కాలితో క్లచ్ తొక్కాలి, అది దానివల్ల కాదు. రెండే పెడళ్ళుండే ఆటోమేటిక్ బండి కావాలి. అలాంటిది యార్డులో ఒక్కటే ఉందని నిన్నే వచ్చి చూసుకుంది. ఎర్ర కారు. అందులో కూర్చుని, స్టీరింగు పట్టుకుని, నాకు ఫోటో కూడా పంపింది.

"అక్కా, నేను ఎర్రదాని దగ్గరుంటా. ఎవడో బ్రోకరు బానెట్ ఎత్తి కెలుకుతున్నాడు, చూడు. నువ్వు ఇక్కడే నిలబడు. ఎర్రదాని వంతు దగ్గరికొస్తే నాకు చెయ్యూపు, నేనొచ్చి పాడతా. నువ్వు మాత్రం నోరెత్తకు. సరేనా?"

"ఊ."

నా మొహంలోకి ఒకసారి అనుమానంగా చూసింది. దాని ఒక చెయ్యి చేతికర్రకు, రెండో చెయ్యి గొడుగుకు సరిపోయాయి. అందుకని పాట పాడేవాళ్ళకిచ్చే టోకెను తీసి నా మెడలో వేసి, బురదలో ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళిపోయింది. ఒక టోకెనుకి ఒక్క బండే ఇస్తారు.

వేలంపాట అంటారు గానీ, ఇదేం పాటో, దీనికి చెవి కోసుకునేవాళ్ళెవరూ కనిపించలేదు. ఒక పొడుగాటి షెడ్డు, నేల మీద తెల్ల సున్నంతో గీత. యార్డు మనిషి ఒకడు ఒక్కో కారునీ నడుపుకుంటూ వచ్చి గీత మీద ఆపుతాడు. అటూ ఇటూ జనం. ముందు వరసలో బ్రోకర్లు, చేతులు కట్టుకుని, పెళ్ళికొడుకుని చూడ్డానికొచ్చి నచ్చలేదని ముందే నిర్ణయించుకున్న మేనమామల్లా. పాడించేవాడి చేతిలో తీగ లేని మైకు, రెండో చేతిలో చక్రాల నట్లు విప్పే ఇనుప పానా. బేరం తెగితే పక్కనున్న ఖాళీ డ్రమ్ము మీద పానాతో ఠంగుమని కొడతాడు. బ్రోకర్లు అతన్ని మైకు మామ అంటున్నారు.

వాన వల్ల బస్సు దొరక్క మేం ఆలస్యంగా వచ్చాం. పాట మొదలయ్యే ముందు మామ ఇక్కడి పద్ధతి చెప్పాడట, అది మేం వినలేదు. ఇక్కడ ఎవరూ అరవరు. ఎవడెంతకు పాడుతున్నాడో పక్కవాడికి తెలియడం బ్రోకర్లకు ఇష్టం ఉండదు. దూరం నుంచి కనుబొమ్మ ఎగరేస్తే ఒక మెట్టు పెంచినట్టు. మామ దగ్గరకొచ్చి మైకు పెడితే ఊ అనాలి, అదీ ఒక మెట్టే. ఈ చోటికి తీసుకురాకూడని మనిషి ఎవరైనా ఉంటే అది నేనే.

నాలుగైదు బండ్లు వెళ్ళాయి. నేను రేకు అంచున వరసగా వేలాడుతున్న చినుకులను చూస్తున్నాను. ఒకటి పడగానే దాని చోటికి ఇంకోటి వస్తోంది. తర్వాత ఒక తెల్లకారు వచ్చి గీత మీద ఆగింది. ఎడమ తలుపుకి చిన్న సొట్ట. బ్రోకర్లలో ఒకడు కనుబొమ్మ ఎగరేశాడు. మిగతావాళ్ళు టీ బడ్డీ వైపు చూశారు.

"ఇది నిన్నటి సరుకు కాదు, పొద్దున్నే వచ్చింది" అని మైకు మామ ఎత్తుకున్నాడు. గొంతు బాగుంది అతనిది, కథ చెప్పే గొంతు. "ఒక్కరే వాడిన బండి. ఒక పెద్దాయన. పిల్లల్లేరు, ఈ బండినే పిల్లలా చూసుకున్నాడు. ఆదివారం ఆదివారం కడిగేవాడు, వాన పడితే తాను తడిసి దీనికి పట్టా కప్పేవాడు. ఒకటోసారి! ఇప్పుడు ఆయనకి నడపడం కుదరట్లా. అమ్మలేక అమ్ముతున్నాడు. రెండోసారి!" అంటూ జనం మధ్య నడుస్తూ వచ్చాడు. నేను చినుకులే చూస్తున్నాను. మైకు నా ముందుకొచ్చింది.

"వింటున్నారా?" అన్నాడు.

"ఊ" అన్నాను.

నా ఊ నాలుగు స్పీకర్లలోంచి యార్డంతా పాకింది. ఇంత స్పష్టంగా నా గొంతు నేనెప్పుడూ వినలేదు. ఎక్కడో టీ బడ్డీ దగ్గర గ్లాసు పగిలిన చప్పుడైంది.

"మూడోసారి!" ఠంగు మంది డ్రమ్ము. "అమ్మగారికి! సంతోషం!"

ఎవడో వచ్చి నా మెడలో టోకెను చూసి, ఒక మూల చించుకుని వెళ్ళాడు. ఎందుకు చించావని నేను అడగలేదు.

పొట్టి వచ్చేసరికి గొడుగు లేదు, ఎక్కడో వదిలేసింది. జుట్టంతా నీళ్ళు.

"అక్కా, ఇందాక స్పీకర్లో వినిపించింది నువ్వేనా? ఏం కొన్నావ్?"

"తెలీదు."

"తెలీకుండా ఎలా కొంటారే కారుని! బీరువా తాళం కాదు కదా!" అని టోకెను పట్టుకుని చూసింది. చిరిగిన మూల చూసి దాని మొహం చిన్నబోయింది. కర్ర చంకలో ఇరికించుకుని మైకు మామ దగ్గరకు వెళ్ళింది. వెనకాల నేను.

"అయ్యా, మా అక్క పాడలేదండీ. మీరు వింటున్నారా అన్నారు, ఊ అంది. అంతే. అది పాట కాదు."

"ఇక్కడ ఊ అంటే పాటేనమ్మా. మొదట్లోనే చెప్పానుగా."

"మేం అప్పటికి రాలేదు. మా అక్క అన్నిటికీ అలాగే అంటుందండీ. పక్కింటి పిల్లి అరిచినా ఊ అంటుంది."

ముందు వరస బ్రోకర్లు నవ్వారు. మామ నవ్వలేదు. "నిజమే కావచ్చమ్మా. కానీ పాట పాటే. ఒకసారి వదిలేస్తే, రేపు ప్రతివాడూ నేను దగ్గాను, ఆవలించాను అంటాడు. నాకు మాత్రం సరదానా?" అన్నాడు. మంచిగానే అన్నాడు. అంతలో వెనక నుంచి హారన్ మోగితే పక్కకు జరిగాం. ఎర్ర కారు గీత మీదకు వచ్చింది.

మా టోకెను అయిపోయింది. ఇద్దరం పక్కన నిలబడి చూశాం. బ్రోకరు కనుబొమ్మ ఎగరేశాడు, ఇంకొకడు ఎగరేశాడు, మొదటివాడు మళ్ళీ ఎగరేశాడు. మేం అనుకున్నదానికి కొంచెం తక్కువలోనే పోయింది. డ్రమ్ము మోగినప్పుడు పొట్టి చెయ్యి కర్ర మీద బిగిసింది. నాకు అంతా కనిపిస్తోంది. ఇక్కడ నాకు బాధ కలగాలి అని కూడా తెలుస్తోంది. తెలియడం వరకే.

షెడ్డు చివర పాత టైర్ల గుట్ట దగ్గరకు లాక్కుపోయింది నన్ను.

"నీకు బాధగా ఉందా? నిజం చెప్పు."

"ఊ."

"అదిగో! మళ్ళీ అదే!" అంది. గట్టిగా అనలేదు, అది కోపంలో గొంతు తగ్గించే మనిషి. "సోమవారం నేనేం చెప్పాలే వాళ్ళకి? మా అక్క ఊ అంది, అందుకని బండి లేదు అని చెప్పనా? ఇంకోసారి ఇలాంటి ఉద్యోగం ఎవడిస్తాడు నాకు? ఎక్కడికెళ్ళినా ముందు నా కాలు చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు. వీళ్ళొక్కళ్ళే కాలు చూడకుండా పిలిచారు."

కర్రతో పక్కనున్న టైరుని ఒక పోటు పొడిచింది.

"బావ బట్టలు ఇచ్చేస్తుంటే ఊ అన్నావ్. ఇల్లు ఖాళీ చేస్తుంటే ఊ అన్నావ్. ఆసుపత్రిలో ఆ డాక్టరు బయటికొచ్చి పోయారండీ అంటే దానిక్కూడా ఊ అన్నావే! ఆ మనిషి భయపడిపోయాడు. నేను పోనీలే అనుకున్నా. మెల్లగా తేరుకుంటుందిలే అనుకున్నా. బావ ఒక్కడే పోయాడనుకున్నానక్కా. కాదు. మీ ఇద్దరూ పోయారు. మీ ఇద్దరికీ నేనొక్కదాన్నే ఏడుస్తున్నా."

అని నిజంగానే ఏడ్చింది. వానలో ఏది కన్నీరో ఏది కాదో తెలియలేదు గానీ, ముక్కు ఎగబీల్చిన పద్ధతి చిన్నప్పటిదే. మెట్ల మీంచి పడ్డ రోజు కూడా ఇలాగే ఎగబీల్చింది. అప్పుడు దాన్ని ఎత్తుకుని ఆసుపత్రిదాకా పరిగెత్తింది నేనే. ఆ పరుగు గుర్తుంది నాకు, రొప్పు కూడా గుర్తుంది. ఆ పరిగెత్తిన మనిషి ఎటు పోయిందో మాత్రం తెలియలేదు.

"పొట్టీ" అన్నాను. "కొన్నది చూద్దాం పద."

అది తలెత్తి చూసింది. నేను వరసగా మూడు మాటలు అని చాలా రోజులయింది మరి.

తెల్లకారుని షెడ్డు వెనక, పాటలో పోయిన బండ్ల వరసలో పెట్టారు. ఇంజను ఆడించి చూసుకోవచ్చని తాళం దానికే వదిలేశారు. పొట్టి స్టీరింగు వైపు తలుపు తీసి, కర్ర ఆనించి, వంగి కిందకు చూసింది. చాలాసేపు అలాగే వంగి ఉంది. నడుం పట్టేసిందేమో అనుకున్నాను.

"అక్కా."

"ఊ."

"రెండే ఉన్నాయే."

నేనూ వంగి చూశాను. రెండే. బ్రేకు, యాక్సిలరేటరు. ఎడమ కాలి చోట ఖాళీ.

పొట్టి ముందు నవ్వింది, తర్వాత నన్ను తిట్టింది, తర్వాత మళ్ళీ నవ్వి సీట్లో కూర్చుని స్టీరింగుని రెండు చేతులతో నిమిరింది. "గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడ్డావు గానీ, పడ్డ చోటు మంచిదేనే. ఎర్రదానికంటే సీటు బాగుంది, ధరా తక్కువే. సొట్టదేముంది, నాకు లేవా సొట్టలు! ఎక్కు, ఎక్కు." నేను ఎడమ తలుపు తెరుచుకుని పక్క సీట్లో కూర్చున్నాను. లోపల శుభ్రంగా ఉంది. అద్దాలన్నీ మూసి ఉన్నాయి. తలుపు వేయగానే వాన చప్పుడు దూరంగా పోయింది, పొట్టి గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టయింది. ఆ గొంతు ఇలా ఎక్కడో విన్నాననిపించింది. అనిపించి ఊరుకుంది.

పొట్టి తాళం తిప్పింది. ఇంజను తేలిగ్గా అందుకుంది. స్టీరింగు పక్కనున్న చిన్న తెర వెలిగింది. నా ఒళ్ళో చేతిసంచి ఒకసారి చిన్నగా వణికింది. తెర మీద ఏదో చక్రం తిరిగి, అక్షరాలు పడ్డాయి.

'వింటున్నావా.'

కింద ఇంకా చిన్న అక్షరాలతో, 'ఫోను కలిసింది' అని ఉంది.

పొట్టి చేతులు స్టీరింగు మీద నుంచి తీసేసింది, కాలినట్టు.

"అక్కా, బావ ఫోను నీ సంచిలో ఉందా?"

"ఉంది."

"అది ఈ కారుకెలా తెలుసు?" అని నా వైపు తిరిగింది. "ఊరికే కలవదే. ముందు ఒకసారి మనిషి కూర్చుని, రెండిటినీ చేత్తో కలపాలి. అప్పుడు గుర్తుపెట్టుకుంటుంది. అంటే బావ ఈ కారులో... బావకి కారంటేనే ఆమడ దూరం కదా? టాక్సీ ఎక్కినా కళ్ళు మూసుకునేవాడు!"

నేను తెరనే చూస్తున్నాను. కొత్త బస్సులే, అద్దాలన్నీ బిగించేశారు. అన్నం డబ్బా, మధ్యాహ్నం, ఆ డబ్బా గొంతు. బస్సు కాదు. రోజూ నేను ఊ కొట్టింది ఇందులోకి. పన్ను ఇంజెక్షన్ దిగేటప్పుడు ముందు పెదవి చివర చీమలు పాకినట్టుంటుంది. అది మొదలైంది, పెదవి మీద కాదు, అరచేతుల్లో. నాకు భయం వేసింది. అవును, భయమే. దాన్ని గుర్తుపట్టడానికి కొంచెం సమయం పట్టింది.

తలుపు తెరుచుకుని దిగాను. పాట ముగించి, అమ్ముడైన బండ్లకు చీటీలు అంటిస్తూ మైకు మామ మా వైపే వస్తున్నాడు.

"ఈ కారు ఎవరిదండీ?" అన్నాను.

ఆయన పోయాక నేను నా అంతట నేను అడిగిన మొదటి ప్రశ్న అది. నా వెనక, స్టీరింగు ముందు నుంచి పొట్టి మెడ సాచి చూసింది.

"చెప్పా కదమ్మా, పెద్దాయనదని. అరుగో, అక్కడే ఉన్నారు" అని మామ పానాతో టీ బడ్డీ వైపు చూపించాడు. "పొద్దుటి నుంచీ ఉన్నారు, ఎవరు కొంటారో చూసి పోతానని. కూర్చుని టీ తాగుతున్న మనిషి, మీరు మైకులో ఊ అనగానే లేచి నిలబడ్డారు. గ్లాసు పడి పగిలింది. అప్పట్నుంచి కూర్చోమంటే కూర్చోవట్లా."

పెద్దాయన అప్పటికే మా వైపు బయల్దేరాడు. సన్నగా ఉన్నాడు. ఎడమ చెయ్యి కోటు జేబులో పెట్టి ఉంది, నడుస్తున్నా అది ఊగడం లేదు. "పక్షవాతం" అంది పొట్టి వెనకనుంచి, దానికి అలవాటైన చూపు. "చెయ్యి ఇంకా తేరుకోలేదు." గుంటలు తప్పించుకోకుండా, నీళ్ళలోంచే నడిచి వచ్చి నా ముందు ఆగాడు. కళ్ళద్దాల మీద వాన. తుడుచుకోలేదు.

"అమ్మా, ఏమీ అనుకోకు" అన్నాడు. గొంతు జలుబు చేసినట్టుంది. "ఇంకొక్కసారి అంటావా?"

"ఏమని?"

"ఊ అని."

నేను అనలేకపోయాను. ఇన్ని నెలలూ ఎవరడిగినా అడక్కపోయినా రాలిపోయిన ఊ, ఇప్పుడు అడిగితే రాలేదు.

"అక్కర్లేదులే" అన్నాడు. "నువ్వే. ఇందాకే అనుకున్నా. ఆ ఊ నాకు తెలుసమ్మా. రోజూ ఈ కారులో, ఈ స్పీకర్లోనే వినేవాణ్ణి. అతను కథ చెప్తుంటే నేను పక్క సీట్లో కూర్చుని, నువ్వెప్పుడు ఊ అంటావా అని చూసేవాణ్ణి."

"పక్క సీట్లోనా?" అంది పొట్టి. "మరి బావ ఎక్కడ కూర్చునేవాడు?"

"నువ్వు కూర్చున్న చోటే, తల్లీ. నడిపేవాడు అతనే."

పొట్టి కిందకు, రెండు పెడళ్ళ వైపు చూసింది. నేను కారు మీద చెయ్యి వేశాను. రేకు చల్లగా ఉంది. ఆ చల్లదనం నాకు తెలిసింది.

"ఆయన్ని ఆసుపత్రికి తెచ్చింది మీరేనా?" అన్నాను.

తలూపాడు. "ఈ ఒంటి చేత్తోనే. పేరు చెప్పకుండా పోవడం తప్పే. దానికి కారణం ఉంది, అదీ చెప్తాను. కానీ దానికంటే ముందు నీకు చెప్పాల్సింది ఒకటుంది. అది చెప్పకుండా ఈ బండి మీ చేతిలో పెట్టలేను." కుడి చేత్తో కళ్ళద్దాలు తీశాడు. తుడవలేదు, ఊరికే పట్టుకున్నాడు. "ఆ రోజు మధ్యాహ్నం నీకు ఫోన్ చేశాడు కదా. కథ మధ్యలో ఆగాడు కదా."

"ఆగాడు. తర్వాత వింటున్నావా అన్నాడు. నేను ఊ అన్నాను."

పెద్దాయన నా కళ్ళలోకి చూడలేదు. తెర మీద ఇంకా వెలుగుతున్న అక్షరాల వైపు చూశాడు.

"అన్నది అతను కాదమ్మా" అన్నాడు. "నేను."